థర్మామీటర్లు పగలని వార్డు

మా దవాఖానా పెద్ద సిస్టర్ చనిపోయిన కబురు నాకు మంగలి కుర్చీలో అందింది. ఒక చెంప గీయడం అయింది, రెండో చెంప ఇంకా నురగలో ఉంది. దవాఖానాలో కత్తెరలూ సూదులూ ఉడకబెట్టే పని చేసి, నాతో పాటే రిటైరైన ఎల్లయ్య గుమ్మంలో నిలబడి, "డ్రెస్సరన్నా, పెద్ద సిస్టర్ పోయిందట. పొద్దుగాల ఏడింటికి," అన్నాడు.

"సరిగ్గ ఏడింటికేనా?"

"అవ్. ఏడింటికే."

"డ్యూటీ టైముకే పోయింది," అన్నాను.

మంగలి నవ్వాడు. ఎల్లయ్య నవ్వకుండా ఉండటానికి మీసం కొరుక్కున్నాడు. తర్వాత బెంచీ మీద కూర్చుని, "ఏడుద్దామని చూసిన గాని వస్తలేదన్నా," అన్నాడు. పాత స్టాఫ్ అంతా కలిసి ఒక చిన్న పుస్తకం వేస్తున్నారట, అందులో నేను రాయాలట.

"మంచిగ రాయే."

"మంచిగ అంటే ఎట్ల?"

"అంటే... మంచిగ."

"గట్ల రాసేటోన్ని వేరే చూసుకో ఎల్లయ్యా."

"నీ ఇష్టం. ఆమె చదవదు గద ఇగ," అన్నాడు.

ఆ ధైర్యంతోనే రాస్తున్నాను. ఆమె ఉండగా అయితే రాసేవాణ్ణి కాదు. రాసినా కొట్టివేతలు లేకుండా సాఫు ప్రతి తెమ్మనేది.

నేను ఆ దవాఖానాలో డ్రెస్సర్‌ని. అంటే పుండ్లు కడిగి కట్టు కట్టేవాణ్ణి. చదివింది నాలుగో తరగతి. మిగిలిన చదువంతా సీసాల మీద చీటీలు నేర్పించాయి. 'పాయిజన్' అనే మాట నాకు నా పేరు ఇంగ్లీషులో రాయడం కంటే ముందే వచ్చింది. 'బాగా కదిపి వాడవలెను' అన్న మాట రెండోది. మందులకు వర్తించే ఈ సూత్రాన్ని మనుషులకు కూడా వాడేవాళ్లుంటారని అప్పటికి తెలియదు.

మా దవాఖానా కొత్తగూడెం దాటి భద్రాచలం పోయే దారిలో, అడవి మొదలయ్యే చోట ఉండేది. ఎవరో ధర్మకర్తలు కట్టించింది. బొగ్గుబాయి కార్మికుల ఇంటివాళ్లు, తల్లాడ, వైరా వైపు రైతులు, అడవి ఊళ్ల కోయవాళ్లు, అందరూ అక్కడికే వచ్చేవాళ్లు. వానాకాలం వచ్చిందంటే మలేరియా జనం వరండాలో కూడా పడుకునేవాళ్లు.

పెద్ద సిస్టర్ గురించి చెప్పాలంటే ఆమె కంటే ముందు ఆ కుర్చీలో ఉన్న, మేము పెద్దమ్మ అని పిలుచుకున్న మనిషి గురించి చెప్పాలి. పెద్దమ్మ కూడా నర్సులందరి మీదా పైఅధికారే, కానీ ఆ సంగతి ఆమెకు గుర్తుండేది కాదు. రోగి మంచం పట్టె మీద కూర్చుని వక్క నమిలేది. థర్మామీటరు పగిలిందని ఎవరైనా వచ్చి చెబితే, "పోనీ తియ్ బిడ్డా, కాళ్లకు గుచ్చుకోకుండ ఊడ్చెయ్," అనేది. ఆమె రోజుల్లో వారానికొకటి పగిలేది. సెలవడిగితే లేదనేది కాదు, ఎవరూ రాకపోతే తనే చీపురు పట్టేది. ఆమె అంటే ప్రాణం పెట్టేవాళ్లం. ఇది ఒక వైపు. రెండో వైపు కూడా రాయకపోతే నాకు అన్నం సహించదు. దూది పట్టే ఒకే చిమటాతో ఇద్దరి పుండ్లు ముట్టుకున్న రోజులు నాకున్నాయి. చిన్న గాయంతో వచ్చిన మనిషి చీముతో నెల రోజులు ఉండిపోయేవాడు. పెద్దమ్మ అతని పక్కన కూర్చుని కన్నీళ్లు పెట్టుకునేది. నేను పెట్టుకునేవాణ్ణి. చిమటా ఉడకబెట్టాలని మాత్రం ఇద్దరికీ తోచేది కాదు.

ఆ తర్వాత ఈమె వచ్చింది. కోస్తా వైపు మనిషి. బస్సు దిగి, ట్రంకుపెట్టె గేటు దగ్గర పెట్టించి, క్వార్టర్‌కి పోకుండా నేరుగా వార్డులోకి వచ్చి నా చిమటా తీసి వాసన చూసింది.

"దీన్ని ఎప్పుడు ఉడకబెట్టారు?"

"పొద్దున్నే సిస్టర్."

"ఇవాళ పొద్దునా, నిన్న పొద్దునా?"

నేను ఎల్లయ్య వైపు చూశాను. ఎల్లయ్య కిటికీలోంచి అడవి వైపు చూశాడు.

ఆమె ఎవరినీ 'నువ్వు' అనేది కాదు. ఆయాలను, ఊడ్చేవాళ్లను, నన్ను, అందరినీ 'మీరు' అనేది. మొదటి వారం మాకు గొప్పగా ఉండింది, ఎంత మర్యాద గల మనిషి అనుకున్నాం. రెండో వారానికి అర్థమైంది. 'నువ్వు' అని తిడితే ఒక మనిషి తిట్టినట్టుంటుంది, తిరిగి ఒక మాట అనవచ్చు. 'మీరు' అని తిడితే గోడకు అంటించిన నోటీసు తిట్టినట్టుంటుంది. మా ఆయా ఒకామె అయితే బహిరంగంగానే అనేది: "ఆమెకు దండం పెడత, ఒక్కపాలి నన్ను 'ఒసే' అనుమనుండ్రి, కడుపు నిండుతది."

ఆమె మాటలు కొన్ని ఇప్పటికీ మాలో ఎవరు కలిసినా చెప్పుకుంటాం. "అలసిపోయారా? కూర్చోండి. రేపటి నుంచి రాకండి." ఇది ఒకటి. "నవ్వుతూ చేసే పని రెండుసార్లు చూడాలి." ఇది రెండోది. అన్నిటికంటే ఎక్కువ వాడింది: "కారణం అడగలేదు. ఏం చేశారో చెప్పండి."

ఈ చివరి మాట పుట్టింది ట్రే పట్టుడులో. ఆ పేరు మేము పెట్టుకున్నదే. పొద్దున ఏడింటికి రాత్రి డ్యూటీవాళ్లు దిగి పగటి డ్యూటీవాళ్లు ఎక్కేటప్పుడు స్టాఫ్ అంతా వరండాలో సీనియారిటీ ప్రకారం, మనిషికీ మనిషికీ మధ్య చేయి చాపినంత ఎడంతో వరసగా నిలబడాలి. ముందురోజు ఎవరు ఏది పగలగొట్టినా, ఒలకబోసినా, మరిచినా ఆ వస్తువును ట్రేలో పెట్టుకుని ముందుకు వచ్చి, పేరు చెప్పి, చేసిన తప్పు చెప్పి, ఆమె 'వెళ్లండి' అనేదాకా నిలబడాలి. వరండాలో రోగులుంటారు, వాళ్ల చుట్టాలుంటారు. ఎల్లయ్య ఒకసారి గాజు సిరంజి పగలగొట్టి ట్రే పట్టిన రోజున, కాలు విరిగి పడుకున్న అతని బావమరిది ఎదురుగానే ఉన్నాడు. ఆ బావమరిది వైరా పోయి కథంతా చెప్పాడు. ఆ ఏడు ఎల్లయ్య అత్తగారింటికి పోతే చిన్నపిల్లలు సత్తుపళ్లెం పట్టుకుని ఎదురొచ్చారట.

ఆరునెలల్లో దవాఖానా మారిపోయింది. ఇది నేను ఒప్పుకోవలసిన సంగతి, పళ్లు బిగబట్టి ఒప్పుకుంటున్నాను. పుండ్లు మానడం మొదలైంది. కట్టు విప్పితే చీము వాసన బదులు మందు వాసన వచ్చేది. నా చేతిలో మనుషులు తొందరగా బాగై ఇళ్లకు పోయేవాళ్లు. వరండాలో ఒక నల్లబల్ల పెట్టించి, రోజూ సుద్దతో 'నిన్న పగిలినవి' అని రాసి, దాని ఎదురుగా 'లేవు' అని రాసేది. ధర్మకర్తలు కారులో వచ్చి ఆ బల్ల చూసి మెచ్చుకుని పోయారు.

ఆ 'లేవు' వెనక ఏముందో చెబుతాను.

థర్మామీటరు చిత్రమైన వస్తువు. ఒకసారి పాదరసం పైకి ఎక్కిందంటే దానంతట అది దిగదు. మణికట్టుతో గట్టిగా దులిపితేనే దిగుతుంది. ఆ దులపడంలోనే అది చేజారుతుంది, మంచం పట్టెకు తగులుతుంది. అంటే దాన్ని వాడితేనే పగులుతుంది, వాడకపోతే పగలదు. ఈ సత్యం మా వార్డులో ఎవరు ముందు కనిపెట్టారో అడగకండి. సరే, అడగండి. నేనే.

ఒక నర్సు ట్రే పట్టి వచ్చి మందుల గదిలో ఏడుస్తుంటే చూడలేక, "ఎందుకమ్మా గా గాజుపుల్లతోని బాధ? చెయ్యి ఎనక భాగం నొసటి మీద పెట్టు. ఇరవై ఏండ్ల సంది చూస్తున్న, అర డిగ్రీ తప్పది," అన్నాను. అంతే. నెల తిరిగేసరికి వార్డంతా చెయ్యి వెనక భాగంతోనే జ్వరం చూస్తోంది. మలేరియా జ్వరం రోజు విడిచి రోజు వస్తుంది కదా. చార్టు మీద ఒక రోజు గీత పైకి, మరుసటి రోజు కిందికి. నా చేతిరాత బాగుంటుందని అందరూ అనేవాళ్లు కనుక గీత ఎట్లా గీయాలో కూడా నేనే నేర్పాను. రంపం పళ్లలా వచ్చేది. డాక్టరు సారు రౌండ్లలో చూసి, "ఎంత నీట్‌గా ఉందయ్యా చార్టు," అనేవాడు. జ్వరం అంటే మలేరియానే అయిన ఊళ్లో ఆ గీత చాలాసార్లు నిజం కూడా అయ్యేది. పన్నెండు థర్మామీటర్లు మూల బల్ల మీద జాడీలో దూది మీద నిలబడి ఉండేవి. వాటిని తాకిన పాపాన ఎవరూ పోలేదు.

ఆ ఏడాదే సరోజ చేరింది. బొగ్గుబాయి కార్మికుడి బిడ్డ. బాయిలో తండ్రి పాదం నలిగి ఇంట్లో కూర్చున్నాడు, కింద ఇద్దరు చెల్లెళ్లు. ఏడాది పాటు పరీక్ష మీద ఉద్యోగం, ఏడాది చివర పెద్ద సిస్టర్ 'పనికి వస్తుంది' అని రాస్తేనే పర్మనెంటు. నేను చెప్పబోయే నాటికి ఇంకా రెండు నెలలున్నాయి. సరోజకు ఆ రెండు నెలలు ట్రే పట్టకుండా గడవాలి. అంతకంటే ఆమెకు లోకంలో వేరే కోరిక లేదు.

శ్రావణంలో నాకు జ్వరం వచ్చింది. నా వార్డులోనే, కిటికీ పక్క మంచం మీద నన్ను పడుకోబెట్టారు. వానాకాలం, అడవి అంచు, జ్వరం. డాక్టరు సారు మలేరియా మాత్రలు రాసి పోయాడు. సరోజ వచ్చి నొసటి మీద చెయ్యి వెనక భాగం పెట్టింది. నేను నేర్పినట్టే పెట్టింది.

"అన్నా, నూటమూడు రాయనా?"

"రాయ్ చెల్లె."

మరుసటి రోజు మళ్లీ వచ్చింది. చెయ్యి పెట్టింది, తీసింది, అటూ ఇటూ చూసింది.

"ఇంక కాలుతనే ఉన్నది గదన్నా. కని ఇయ్యాల దించే రోజు. సారు అడుగుతడేమో."

"థర్మామీటర్ పెట్టి చూస్తవా మరి?"

ఆ పిల్ల జాడీ వైపు చూసిన చూపు మీరు చూసి ఉంటే ఇంకో మాట మాట్లాడేవాళ్లు కాదు.

"దించు చెల్లె," అన్నాను.

అట్లా నా జ్వరాన్ని మేమిద్దరం కలిసి ఒక రోజు ఎక్కించాం, ఒక రోజు దించాం. నాడి ఎంత కొట్టుకుంటోందో కూడా జ్వరానికి తగ్గట్టు ఊహించి రాశాం. లోపల మాత్రం జ్వరం దిగలేదు. ఎనిమిదో రోజుకు నాలుక పిడచకట్టింది, కడుపు ఉబ్బింది, మనుషులు దూరంగా, నీళ్ల అవతల నిలబడి మాట్లాడుతున్నట్టుంది. ఇది మలేరియా కాదని నాకు అనుమానం వచ్చింది. చెబితే చార్టు అబద్ధమని తేలుతుంది, సరోజ ఉద్యోగం పోతుంది. చెప్పకపోతే నేను పోతాను. ఈ రెండిటి మధ్య కళ్లు మూసుకుని పడుకున్నాను. గొప్ప త్యాగమని అనుకోకండి. సగం సిగ్గు. ఆ గీత నేర్పినవాణ్ణి నేనే కదా.

మధ్యాహ్నం మా ఆవిడ గంజి తెచ్చింది. ఆమెకు చదువు రాదు. మంచం కాళ్ల దగ్గర వేలాడుతున్న చార్టు పట్టుకుని చూసి, సరోజను పిలిచింది.

"బిడ్డా, గీ గీత పైకి పోతే జరం ఎక్కినట్టా?"

"అవ్ వదినా."

"కిందికి పోతే?"

"దిగినట్టు."

"మరి ఈయన పెయ్యి పొయ్యిలెక్క మండుతాంటే ఇయ్యాల గీత కిందికెందుకు పోయింది?"

సరోజ చార్టును అటు తిప్పబోయింది. నేను, "ఊకో," అన్నాను.

"నేనెందుకు ఊకుంట? నేను ఊకుంటే నువ్వు మొత్తానికే ఊకుంటవ్. ఓ సిస్టరమ్మా! ఎవలున్నరు ఈడ? ఇది దవాఖానానా, ముగ్గులేసే వాకిలా?"

ఆ కేకకు పెద్ద సిస్టర్ వచ్చింది. నా ఆశ ఏమిటంటే, గోల చేసినందుకు మా ఆవిడను బయటికి పంపి ఆమె కూడా పోతుందని. పోలేదు. ఏమీ అడగకుండా నా మణికట్టు పట్టుకుంది. రొమ్ము మీద పిన్నుతో తగిలించుకున్న గడియారం చూస్తూ నాడి లెక్కపెట్టింది. మళ్లీ లెక్కపెట్టింది. చార్టు చూసింది.

"ఒళ్లు ఇంత కాలుతోంది, నాడి ఇంత నెమ్మదిగా ఉంది. ఈ చార్టులో జ్వరం ఎక్కిన రోజల్లా నాడి పరుగెత్తుతోంది," అంది. "థర్మామీటరు తెండి."

సరోజ జాడీ తెచ్చింది. మంచం పక్క స్టూలు మీద పెట్టింది. పెద్ద సిస్టర్ ఒకటి తీసి వెలుతురుకు పట్టింది. నూటఆరు. రెండోది తీసింది. నూటఆరు. మూడోది. దూది ఎండి కరకరలాడుతోంది. పన్నెండూ తీసి కిటికీ గట్టు మీద వరసగా పెట్టింది. పన్నెండూ నూటఆరు దగ్గరే.

ముందు ఎవరికీ అర్థం కాలేదు. తర్వాత ఒక్కసారిగా అందరికీ అర్థమైంది. అది ఏ రోగి జ్వరమూ కాదు. రోహిణి కార్తెలో ఆ గదిలో కాసిన వేడి. అప్పుడు ఎక్కిన పాదరసాన్ని దులిపి దించినవాళ్లు లేరు. బయట వాన పడుతోంది, మా జాడీలో ఇంకా ఎండాకాలమే ఉంది.

ఆమె ముఖంలో ఏదైనా కదిలిందా అని ఇప్పటికీ జ్ఞాపకం చేసుకుంటాను. ఒకసారి వరండా వైపు, ఆ నల్లబల్ల ఉన్న వైపు చూసింది. అంతే. ఒకటి గట్టిగా దులిపి నా నాలుక కింద పెట్టింది. నూటనాలుగు.

"ఈ చార్టు ఎవరు రాశారు?"

"నేనే సిస్టర్," అంది సరోజ.

"నేనే నేర్పిన," అన్నాను, నోట్లో గాజుతోనే.

"మిమ్మల్ని అడగలేదు. మీరు పేషెంటు."

సాయంత్రంలోగా రక్తం పరీక్ష చేయించింది. టైఫాయిడ్. అందులో ఒళ్లు ఎంత కాలినా నాడి నెమ్మదిగానే కొట్టుకుంటుందట. మందు మారింది. "ఇంకో రెండు రోజులైతే పేగుకు చిల్లు పడేదయ్యా," అన్నాడు డాక్టరు సారు. నా ప్రాణం ఆమె రెండు వేళ్ల కింద దొరికింది. ఆ మాట కాదనే దమ్ము నాకు లేదు.

మరుసటి ఉదయం ఏడింటికి సరోజ ట్రే పట్టింది. కిటికీలోంచి నాకు వీపు మాత్రమే కనబడింది, గొంతు పూర్తిగా వినబడింది. ట్రేలో పన్నెండు థర్మామీటర్లు, ఒక్కటీ పగలలేదు.

"నా పేరు సరోజ. నేను థర్మామీటర్ పెట్టకుండ చార్టు రాసిన. పెడితే పగులుతదని, పగిలితే ఇట్ల నిలబెడతరని భయపడి..."

"కారణం అడగలేదు," అంది పెద్ద సిస్టర్.

ఆ వరండాలో స్టాఫ్ అంతా ఉన్నాం. 'ఉన్నాం' అని నన్ను కూడా కలుపుకుంటున్నాను, మంచం మీద ఉన్నా నోరు పనిచేస్తోంది కనుక. ఆ పిల్ల సగంలో ఆపిన వాక్యం పెద్ద సిస్టర్ వినవలసిన వాక్యం. దాన్ని పూర్తి చేయడానికి ఒక్కరం నోరు విప్పలేదు. రెండేళ్ల ట్రే మాకు నేర్పించిన పని అదే. వారం తిరగకుండా సరోజ పెట్టె సర్దుకుని బస్సెక్కింది. 'పనికి రాదు' అని రాసి పంపారని తర్వాత తెలిసింది.

లేచి నడవగలిగిన రోజు నేను పెద్ద సిస్టర్ గదికి పోయాను. "ఆ పిల్లను పంపిండ్రు. మరి నేర్పినోన్ని నన్నెందుకు ఉంచిండ్రు? అసలు మేమందరం ఎవరికి భయపడి గట్ల చేసినమో మీకు ఎరుకేనా సిస్టర్?" అన్నాను. జీవితంలో అంత పొడుగు వాక్యం ఆమె ముందు అనడం అదే మొదలు.

ఆమె రాస్తున్న కాగితం మీదినుంచి తల ఎత్తలేదు. "మీరు బతికారు డ్రెస్సర్ గారూ. వెళ్లి మీ ట్రాలీ చూసుకోండి."

అది మాటల సంగతి. చేతల్లో ఏమైందంటే, ట్రే పట్టుడు ఆగిపోయింది. ఎవరూ ప్రకటించలేదు, ఒక ఉదయం జరగలేదు, అంతే. నల్లబల్ల గోడ వైపు తిరిగింది. ఇక ఆ తర్వాత పొద్దున పదింటికి, సాయంత్రం నాలుగింటికి థర్మామీటర్ల జాడీ పట్టుకుని ఆమే మంచం మంచానికీ తిరిగేది. తనే దులిపేది, తనే పెట్టేది, తనే చదివేది. నర్సు వెనక కలం పట్టుకుని నడిచేది. రిటైరయ్యేదాకా, నడుం వంగినాక కూడా, వరండా చివరి మంచం దాకా ఆమే. మంచి నర్సులు నలుగురు విసిగి వేరే చోట్లకు వెళ్లిపోయారు. మిగిలినవాళ్లం ఆమె చెప్పింది చేసి, చెప్పనిది చేయకుండా బతకడం అలవాటు చేసుకున్నాం. మంచం మీద మనిషి ఎగశ్వాస తీస్తున్నా 'సిస్టర్‌ను పిలువుండ్రి' అనేవాళ్లమే తప్ప చెయ్యి వేసేవాళ్లం కాదు. ఆమెకు మేము పనిమంతులుగా కనిపించలేదు. ఆమె మమ్మల్ని అట్లా తయారుచేసుకుని, ఆ బరువు తనే మోసింది. జాలి పడమంటారా? ప్రయత్నించాను. ఎల్లయ్యకు ఏడుపు రానట్టే, నాకు అదీ రాలేదు.

సరోజ సంగతి చెప్పాలి. ఏడాదిన్నర ఇంట్లో కూర్చుని, తర్వాత కొత్తగూడెంలో ఒక చిన్న నర్సింగ్ హోంలో చేరింది. ఇప్పుడు అక్కడ నర్సులందరికీ ఆమే పెద్ద. ఒకసారి మా ఆవిడకు చెయ్యి కాలితే తీసుకుపోయాను. మేము బయట బెంచీ మీద ఉండగా లోపల ఏదో భళ్లుమంది. వెంటనే ఒక పిల్ల నర్సు, ఊరంతా వినేటట్టు, "అక్కా, సెలైన్ సీసా పగలగొట్టిన!" అని అరిచింది. లోపలి గదిలోంచి సరోజ గొంతు: "చేతులు కోసుకోకు. పేషెంటుకు ఇంకోటి పెట్టి అప్పుడు ఊడ్వు." అంతే, ఎవరి పని వాళ్లు చేసుకుపోయారు. మా ఆవిడ, "ఏంది, గట్ల కూసున్నవ్?" అని అడిగేదాకా నేను లేవలేదు.

పెద్ద సిస్టర్ సమాధికి మేమందరం పోయాం. సన్నగా వాన. ఎవరూ చెప్పకుండానే మేము సీనియారిటీ ప్రకారం వరసలో నిలబడ్డాం. ముందు రిటైరైన నర్సులు, తర్వాత నేను, ఎల్లయ్య, మా వెనక ఆయాలు. పాస్టర్ గారు ప్రార్థన ముగించి, పెట్టె దింపించి, "ఇక మట్టి వేయండి," అన్నారు.

ఎవరూ కదలలేదు.

పాస్టర్ గారు మరోసారి అన్నారు. ముందున్న నర్సు వెనక్కి చూసింది. వెనకామె నా వైపు చూసింది. నేను ఎల్లయ్య వైపు చూశాను. ఎవరు మొదలు పెట్టాలో ఎవరూ చెప్పలేదు మరి. పాస్టర్ గారు కొత్తవాడు, ఆయనకు మా సంగతి తెలియదు. పాపం, అందరం దుఃఖంలో ఉన్నామనుకుని తల వంచుకున్నారు.

అప్పుడు గేటు తీసిన చప్పుడైంది. బస్సు ఆలస్యమైందేమో, సరోజ చీర కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని బురదలో వడివడిగా వచ్చింది. జుట్టు సగం నెరిసింది. మా వరసను ఈ చివరి నుంచి ఆ చివరిదాకా చూసింది.

"ఏందన్నా, వానల గట్ల నిలబడ్డరు?"

జవాబు కోసం ఆగలేదు. గుంట అంచున వంగి తడి ఎర్రమన్ను పిడికెడు తీసి లోపల వేసింది. పెట్టె మీద పడ్డ చప్పుడు అందరికీ వినబడింది. ఆమె కళ్లు పొడిగానే ఉన్నాయి. చెయ్యి పక్కనున్న గడ్డికి తుడుచుకుని, మాకు దారి ఇస్తూ ఒక పక్కకు జరిగింది.

వరస కదిలింది. ఒకరి వెనక ఒకరం, మనిషికీ మనిషికీ మధ్య చేయి చాపినంత ఎడంతో, ఎవరి వంతు వచ్చినప్పుడు వాళ్లు వంగి, పిడికెడు వేసి, నిటారుగా లేచి పక్కకు తప్పుకుంటున్నాం.